నేలకి ఆనించిన చెవి

పచ్చగా ఉండటానికి వీల్లేదు, ఎలా ఉంటుంది అసలు, చుక్క వాన పడి ఎన్నాళ్ళయిందని, పార్కులో గడ్డి చీపురు పుల్లలైపోయింది, పెద్ద ఆఫీసరు బంగళా ముందు పూలమొక్కలే తలలు వేలాడేశాయి, చర్చి వెనక సమాధుల దొడ్లో గోడవార మాత్రం గడ్డి నిగనిగలాడుతోందంటే నమ్మడానికి తనేమైనా చెవిలో పువ్వు పెట్టుకున్నాడా, పువ్వులు పెట్టుకునే చెవి కాదది, ఇన్నేళ్ళుగా కూడు పెడుతున్న చెవి, అనుకుంటూ అతను భుజం మీది కడ్డీని ఇటునుంచి అటు మార్చుకుని మలుపు తిరిగాడు, కడ్డీ అంటే మరేం కాదు, రెండు మూరల ఇనుప ఊచ, పైన చిన్న గిన్నెలా తొలిచిన చెక్క, ఊచ కొనని నేలకి ఆనించి చెక్కకి చెవి పెడితే రోడ్డు కింద పైపు ఎక్కడ కారుతోందో వినపడుతుంది, వినడం వచ్చినవాడికి వినపడుతుంది, రానివాడికి తన ఒంట్లో రక్తం హోరే వినపడి దొరికింది దొరికిందని గంతులేస్తాడు, నీళ్ళ ఆఫీసులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు, పాముచెవులు అంటారంతే, పాముచెవులొస్తున్నాడు నోళ్ళు కట్టేయండ్రా అంటారు, అననీ, మండుటెండల్లో ఎక్కడైనా పచ్చగా కనపడిందంటే దాని కింద ఏదో పగిలిందని అర్థం, ఈ ఉద్యోగం అతనికి నేర్పిన సత్యం అదొక్కటే, దానికి తిరుగు లేదు.

కానీ ఆ మాట ఇంట్లో అనగలడా, అనలేకే కదా ఆదివారం సెలవు పూట కూడా కడ్డీ భుజానేసుకుని బయల్దేరింది, పోయిన నెల ఒక ఆదివారం భార్య చర్చి నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా, ఏమండీ పిచ్చుక దగ్గర గడ్డి మొలిచింది, చుట్టూ అంతా మాడిపోయింది, దాని దగ్గరే పచ్చగా ఉంది, అంది, పిచ్చుక అంటే వాళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ పిల్ల, పడుకుంటే తప్ప నోరు మూసేది కాదు గనక పిచ్చుక, రెండేళ్ళ కిందట జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగి పోయింది, ఆ గోడవారే పెట్టారు, పెట్టిన రోజు తప్ప మళ్ళీ అతను అటు వెళ్ళలేదు, ఆవిడ వెళుతుంది, ప్రతి ఆదివారమూ వెళుతుంది, అలాగా అని మాత్రం అని ఆ రోజు అతను కంచం ముందుకి లాక్కున్నాడు, అప్పట్నుంచే అనుమానం మొదలైంది, రెండేళ్ళుగా గోడకేసి తిరిగి పడుకున్న మనిషి, కంచంలో కెలికి లేచిపోయే మనిషి, మళ్ళీ వడ్డించుకుంటోంది, వంటింట్లో కూనిరాగం తీస్తోంది, మొన్నటికి మొన్న అతని చొక్కాకి గుండీ కుడుతూ, మీ ఒంటి మీద గుండీలు నిలవవు గానీ కోపాలు భలే నిలుస్తాయండీ, అని నవ్వింది కూడా, ఏడ్చేవాళ్ళని ఎవరూ అనుమానించక్కర్లేదు, ఏడుపుకి కారణం ఎదురుగానే ఉంటుంది, ఊరికే నవ్వేవాళ్ళ దగ్గరే జాగ్రత్తగా ఉండాలి, ఆ నవ్వు కింద ఏం పగిలిందో, ఎవరు ఏం ఎక్కించారో.

ఎవరో ఏంటి, ఆ పాస్టరే, మనిషిని చూస్తేనే తెలియడంలా, నలగని తెల్లచొక్కా, వెన్న రాసినట్టు మాటలు, మెత్తగా మాట్లాడేవాడితో చేతులు కలిపాక వేళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోమని తన నాన్న చెప్పేవాడు, గడ్డి కబురు పొక్కాక చర్చిలో బెంచీలు చాలడం లేదట, ముసలమ్మలు తలా ఒక గడ్డిపరక తుంచుకుపోయి బైబిలు మధ్యలో దాచుకుంటున్నారట, ఇంకేం కావాలి, మెయిన్ పైపుకి గుట్టుగా బెజ్జం కొట్టించి, గోడ కిందనుంచి సన్న గొట్టం లాగి, పిల్లని పోగొట్టుకున్న తల్లి కన్నీళ్ళ మీద అద్భుతం పండించుకుంటున్నాడు, ఆ గొట్టమే దొరకాలిగానీ పీకి పాస్టరు చేతిలో పెట్టి, అందరూ చూస్తుండగా, ఇదిగోనండీ మీ దేవుడు, అరంగుళం గొట్టం, అనాలి, అన్నాక, అన్నాక ఏమవుతుంది, ఆవిడ ఇంటికొచ్చి మళ్ళీ గోడకేసి తిరిగి పడుకుంటుంది, ఆ మంచం కిర్రుమనడం ఇక్కడికే వినపడుతోంది, కూనిరాగం ఆగిపోతుంది, వంటిల్లు మళ్ళీ ఆసుపత్రి వరండాలా అయిపోతుంది, తెలుసు, అంతా తెలుసు, తెలిసీ కాళ్ళు నడుస్తూనే ఉన్నాయి, నడవక ఏం చేస్తాయి, కళ్ళు మూసుకున్నంత మాత్రాన కారేది ఆగుతుందా.

గేటుకి తాళం లేదు, ఎందుకు లేదు, దొంగ సొత్తున్నవాడు తాళం వేస్తాడు, అంతకన్నా గట్టి దొంగ తాళం తీసి పెడతాడు, లోపల పాట మొదలైంది, అందరూ లోపలే ఉంటారు, భార్య కూడా, ఎడమవైపు మూడో బెంచీలో, కిటికీ పక్కన, ఆ చోటే తనకిష్టమని ఎప్పుడో చెప్పింది, కిటికీలోంచి సమాధులు కనపడతాయట, అతను తల వంచుకుని గోడ నీడన వెనక్కి నడిచాడు, ఈ వీధిలో అడుగు పెట్టకుండా ఇన్నాళ్ళు నెట్టుకొచ్చాడు, ఈ వీధి పని వచ్చిందంటే నత్తకి అప్పజెప్పేవాడు, నత్త అంటే తోటి ఉద్యోగి, పేరుకి తగ్గట్టే నడక, నువ్వా వీధి చూడరా బదులుగా నీ కొండవీధి నేను చూస్తా, అంటే, కొండెక్కే బాధ తప్పుతుందంటే నాకేం చేదా అన్నా, అని పళ్ళికిలించేవాడు, సాయంత్రం ఏముందిరా అంటే ఏమీ లేదన్నా అనేవాడు, నత్తకి ఎక్కడ విన్నా ఏమీ ఉండదు, ఆ సంగతి తెలిసే పంపేవాడు, పంపి హాయిగా ఊపిరి పీల్చుకునేవాడు, అబ్బా ఈ చెప్పులు ఇంత చప్పుడు చేస్తాయేంటి.

ఉంది, పచ్చగానే ఉంది, చుట్టూ బూడిదరంగు నేల నెర్రెలు విచ్చి ఉంటే మధ్యలో ఒక దుప్పటి పరిచినట్టు పచ్చగా ఉంది, అంత పచ్చదనాన్ని చూసి చాలా రోజులై కళ్ళు చెమర్చాయి, ఎండకి, ఎండకే, రాయి మీది అక్షరాల వైపు అతను చూడలేదు, ముందు పని, వంగి ఒక పరకని వేళ్ళతో తుడిచాడు, ఆకు మీద దుమ్ము పేరుకుని ఉంది, అంటే పైనుంచి ఎవరూ నీళ్ళు పొయ్యట్లేదు, భార్య సీసాతో తెచ్చి పోస్తోందేమోనన్న అనుమానం ఒకటుండేది, అది కొట్టేయొచ్చు, తోటకి నీళ్ళు పెట్టే రబ్బరు గొట్టం ఆ మూల చుట్టచుట్టి ఉంది, దాని మూతికి సాలెగూడు, అదీ కాదు, గోడ వెంట వేళ్ళు పెట్టి తడిమాడు, గొట్టం లేదు, బెజ్జం లేదు, ఎక్కడో ఉంటుంది, బాగా దాచాడు, గోడకి అడుగున ఒక బీట కనపడింది, కొత్త బీట, దాని పక్కన అడుగు వేస్తే నేల మెత్తగా లోపలికి దిగింది, కింద గుల్లగా ఉంది, మట్టి కొట్టుకుపోతోంది, ఆ గోడని ఆనుకునే చిన్నపిల్లలు బైబిలు కథలు వింటారని భార్య చెప్పిన పొడుగాటి బెంచీ ఉంది, నీడ కోసం వేసినట్టున్నారు, ఈ గోడ ఆ పిల్లల మీద కూలితే, ఇక ఇది గొట్టాన్ని బయటపెట్టడమా మానడమా అన్న బేరం కాదు, చెప్పి తీరాలి, తవ్వి తీరాలి, గడ్డీ పోతుంది, నవ్వూ పోతుంది.

గడ్డిలో ఏదో కదిలింది, చూస్తే గోరంత కప్పపిల్ల, దాని పక్కన ఎర్రటి మచ్చల పురుగు ఒకటి పరక ఎక్కుతూ జారుతూ మళ్ళీ ఎక్కుతూ, నీలం రంగు పూలు కూడా ఉన్నాయి, చిన్నవి, ఆవగింజకి అన్నలు అనుకోవచ్చు, ఎవరు వేశారు విత్తనం, ఈ కప్పకి ఎవరు కబురు పెట్టారు ఇక్కడ తడి ఉందని, ఊరంతా మాడుతుంటే ఇది ఎన్ని రోడ్లు దాటి ఎన్ని చక్రాలు తప్పించుకుని ఈ దుప్పటంత చోటికి వచ్చిందో, దాని దగ్గర కడ్డీ ఉందా గాడిద గుడ్డుందా, ఎలా విన్నది, ఆపు, ఆపవయ్యా, ఇలాగే మొదలవుతుంది, ముందు కప్ప అంటారు, తర్వాత పువ్వంటారు, చివరికి సృష్టికర్తని నీ చేతిలో పెట్టి రసీదు అడుగుతారు, పాస్టరు గారి ప్రసంగాలు భార్య నోట వినీ వినీ ఆ దారి అతనికి కంఠతా వచ్చు, కప్పకి తేమ వాసన తగిలింది, అంతే, అయినా తేమ వాసన వస్తే వెతుక్కుంటూ వెళ్ళాలని దానికి ఎవరు, సరే చాలు.

కడ్డీ ఆనించాడు, ఏం వినపడుతుంది, లోపల పాట నేలలోంచి వస్తోంది, గోడల్లోంచి పునాదిలోకి, పునాదిలోంచి మట్టిలోకి, అంతమంది గొంతులు కలిసి ఊచలో జుమ్మంటున్నాయి, తిట్టుకుంటూ చెవి తీశాడు, మళ్ళీ పెట్టాడు, ఆ గొంతుల్లో ఒకటి ఆవిడదే, శ్రుతికి కొంచెం కిందగా, తనకే తెలిసే తేడా, పాట అయిపోయింది, తర్వాత ఎవరో చదివారు, తర్వాత బెంచీలు జరిగాయి, ఆ తర్వాత ఒక్కసారిగా ఏ చప్పుడూ లేదు, మౌన ప్రార్థన, భార్య చెప్పేది, అందరం తలలు వంచి ఎవరి మాట వాళ్ళు లోపల్లోపల చెప్పుకుంటామండీ, మీరొస్తే మీకదొక్కటే నచ్చుతుంది, అని, ఈ కాస్త నిశ్శబ్దమే కావాలి తనకి, గబగబా మోకాళ్ళ మీద కూర్చుని, ఊచ కొనని గడ్డిలోకి దించి, చెక్కకి చెవి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు, వినేటప్పుడు ఎప్పుడూ కళ్ళు మూసుకుంటాడు, చూసే కళ్ళు చెవికి అబద్ధాలు చెబుతాయి.

ముందు రక్తం హోరు, దాన్ని దాటాలి, తర్వాత తన ఊపిరి, దాన్నీ దాటాలి, తర్వాత ఎక్కడో లారీ, అది పోయింది, ఆ తర్వాత, శ్ శ్ అని, పిల్లని నిద్రపుచ్చే తల్లి నోటి చప్పుడులా, సన్నగా, ఆగకుండా, ఉంది, ఎడమకి, గోడ కింద, బెజ్జం కొట్టినదైతే ఈల వేస్తుంది, ఇది ఈల కాదు, పాత పైపు అతుకు దగ్గర నోరు తెరిచింది, వయసై పగిలింది, ఎవరూ కొట్టలేదు, ఎవరి మోసమూ లేదు, ఇన్ని రోజులుగా తయారుచేసి పెట్టుకున్న కోపం ఎక్కడ దించుకోవాలో అతనికి తెలియలేదు, దీని పైన పిచ్చుక ఉంది, నాన్నా నేను కూడా వింటా అనేది, కడ్డీ పట్టుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్న అతని ఛాతీ మీద పెట్టి, తను చెక్కకి చెవి పెట్టి, నాన్నా నీలో నీళ్ళు పారుతున్నాయి, అనేది, లీకుందా డాక్టరుగారూ అంటే కళ్ళు గట్టిగా మూసుకుని విని, లేదు మంచి పైపే, అనేది, తర్వాత ఆసుపత్రి, ఆ వరండా, ఫినాయిలు వాసన, లోపల పిల్లకి ఊపిరి అందించే యంత్రం చప్పుడు తలుపు ఇవతలికి వినపడుతుంటే చల్లటి గచ్చు మీద మోకాళ్ళపై పడ్డాడు, దేవుణ్ణి అడగడానికి జీవితంలో ఆ ఒక్కసారే పడ్డాడు, వాక్యం కూడా కుదరలేదు, పిల్ల పిల్ల అన్నాడంతే, ఎవరూ వినలేదు, ఇంత లోతు మట్టి కింద చుక్క కారితే తను వింటాడు, కూలీవాడు తను, అలాంటిది అన్నీ చేసినవాడికి తండ్రి గొంతు వినపడలేదా, వినపడీ ఊరుకున్నాడా, ఉంటే చెవిటివాడు, లేకపోతే లేనే లేడు, ఆ రోజు నుంచి అతను ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నాడు, ఏదో ఒకటి రుజువు చేసేస్తే హాయిగా నిద్రపోవచ్చని.

స్తోత్రం ప్రభువా, అని ఎవరో ముసలమ్మ గొంతు, కళ్ళు తెరిచాడు, ఎప్పుడయిపోయిందో ప్రార్థన, ఎప్పుడు బయటికొచ్చారో, చర్చి పక్క తలుపు దగ్గర జనమంతా నిలబడి ఉన్నారు, చేతుల్లో బైబిళ్ళు, ఎవరూ కదలట్లేదు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు, ఏమైంది వీళ్ళకి, అనుకుని, అప్పుడు తనని తను చూసుకున్నాడు, కూతురి సమాధి దగ్గర మోకాళ్ళ మీద, తల వాల్చి, కళ్ళు మూసుకుని, చెంపల మీద తడితో, ఛీ, గభాలున లేవబోతే మోకాలు పట్టేసింది, పాస్టరు కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని దగ్గరికొచ్చి, లేవకండి, మీరు కానివ్వండి, అన్నాడు, ప్రార్థన కాదండీ, లీకు, అన్నాడతను, పాస్టరు మొహంలో వెన్నా లేదు కత్తీ లేదు, అమ్మయ్య, అన్నాడాయన, మీ ఆఫీసుకి రెండుసార్లు ఫోన్ చేశానండీ, ఒకాయన వచ్చారు, గేటు దగ్గర్నుంచే చూసి ఏమీ లేదని వెళ్ళిపోయారు, ఆ గోడ సంగతి నాకూ భయంగానే ఉంది, మరి ఈ గడ్డి అద్భుతమని మీరు, అని అతను అనబోతే, అయ్యో నేను అనలేదండీ, పైపు చూపించుకోవాలి అనే అన్నాను, పెద్దమ్మలు ఆగుతారా, అని పాస్టరు నలుగుర్ని పిలిచి అప్పటికప్పుడు ఆ పొడుగాటి బెంచీని గోడ దగ్గర్నుంచి తీయించాడు, నత్త, గేటు దగ్గర్నుంచే చూసిన నత్త, పంపింది ఎవరు, తనే, ఈ వీధిని తప్పించుకుని తిరిగింది ఎవరు, తనే, ఈ పైపు నోరు తెరిచి ఇన్నాళ్ళు కారింది తను రానందుకే, ఈ గడ్డిని పెంచింది పాస్టరు కాదు.

భార్య వచ్చింది, జనం దారి ఇచ్చారు, వచ్చి అతని పక్కన నేల మీద కూర్చుంది, చీర కుచ్చిళ్ళు తడవకుండా సర్దుకుని, దొరికిందా, అంది, పోయిన కళ్ళజోడు దొరికిందా అన్నంత మామూలుగా, దొరికింది, అతుకు దగ్గర, ఇక్కడంతా తవ్వాలి, తప్పదు, అన్నాడు ఆవిడ మొహం చూడకుండా, గడ్డి ఉండదు, అని కూడా అన్నాడు, ఇప్పుడు మంచం కిర్రుమంటుంది, ఇప్పుడే, తవ్వించండి మరి, అంది ఆవిడ, అతను తల తిప్పాడు, నీకు తెలుసా, అన్నాడు, ఏం, తెలీదనుకున్నారా, పాముచెవులతో ఇన్నేళ్ళు కాపురం చేశాను, ఎండల్లో గడ్డి పచ్చగా ఉంటే కింద ఏముంటుందో నాకు తెలీదా, చూసిన రోజే తెలుసు, మరి చెప్పలేదేం, పైపు కారుతోందంటే నత్తని పంపేవారు, గడ్డి మొలిచిందంటే మీకు అనుమానం వస్తుంది, అనుమానం వస్తే మీరే వస్తారు, అని ఆవిడ ఒక పరకని వేలికి చుట్టుకుంటూ, రెండేళ్ళుగా దేవుణ్ణి ఒక్కటే అడుగుతున్నానండీ, ఈ మనిషిని ఒక్కసారి పిల్ల దగ్గరికి తీసుకురా అని, ఎలా తెస్తాడబ్బా అనుకునేదాన్ని, ప్రసంగానికి వచ్చే రకమా, బతిమాలితే వచ్చే రకమా, పైపు పగిలిందని చూడగానే నవ్వొచ్చింది, మీ సంగతి ఆయనకి నాకన్నా బాగా తెలుసనిపించింది, అంది, అదా కూనిరాగం, అదా రెండోసారి వడ్డించుకోవడం, అతనిలో మిగిలిన ఆఖరి అనుమానం లేచి కూర్చుంది, పైపు పాతబడి పగిలింది, ఆయనేం పగలగొట్టలేదు, అన్నాడు, పగలగొట్టాడని నేనన్నానా, పగిలినదాన్ని వాడుకున్నాడన్నాను, అందావిడ, అతను మేకు కోసం జేబు తడుముకున్నాడు.

సరిగ్గా ఎక్కడో గుర్తు పెట్టాలి, గుర్తు లేకుండా తవ్వితే పిల్లకి తగులుతుంది, అని అతను అనగానే పాస్టరు వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు, అంతమందీ నోరు మూశారు, దగ్గే ముసలాయన దగ్గుని అరచేతిలో నొక్కుకున్నాడు, తన కోసం అంత నిశ్శబ్దం ఎవరూ ఎన్నడూ పట్టి ఉంచలేదు, అతను మళ్ళీ వంగాడు, ఈసారి రాయి మీది అక్షరాలు చూశాడు, పేరంతా చదివాడు, చెవి ఆనించాడు, వీపు మీద భార్య చెయ్యి, శ్ శ్ అని కింద నీళ్ళు, కొంచెం ఎడమకి, ఇంకొంచెం, ఇక్కడ, ఎర్రగుడ్డ కట్టిన మేకు అక్కడ గుచ్చి కూడా చెవి తీయలేదు, తీయబుద్ధి కాలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా పైపులో పారే నీళ్ళని కళ్ళతో చూశాడా, లేదు, గడ్డిని చూశాడు, తడిని చూశాడు, కప్పని చూశాడు, చూసి నీళ్ళున్నాయని ప్రమాణం చేసి రోడ్లు తవ్వించాడు, పోనీ ఒక్కసారైనా పగలకముందు వెళ్ళి ఆపాడా, అదీ లేదు, వినడమంటే ఆపడమని ఎవరన్నారు, వినేవాడు పగిలాకే వస్తాడు, ఏ వీధిలో ఉన్నా వెతుక్కుంటూ వస్తాడు, వచ్చి చేసేదల్లా ఒకటే, పగిలిన చోట మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళు మూసుకుని, చెవి ఆనిస్తాడు, బయటినుంచి చూసేవాడికి ఎవడో ఊరికే కూర్చున్నట్టుంటుంది, ఏమీ చేయనట్టే ఉంటుంది, ఆ వరండాలో యంత్రం చప్పుడు ఆగిపోయినప్పుడు, గచ్చు మీద పిల్ల పిల్ల అని తను పగిలినప్పుడు, ఎవరూ రాలేదనుకున్నాడు, ఇన్నాళ్ళూ అనుకున్నాడు, వచ్చారు, ఆ చల్లటి గచ్చు మీద, తన గుండెకి చెవి ఆనించి, ఇంకొకరు కూడా మోకాళ్ళ మీదే ఉన్నారు.